పదకొండో నిబంధనలో రెండో వాక్యం

1994 నవంబరు 23, బుధవారం. ఉదయం పదిన్నర. రేపల్లె శివార్లలోని రొయ్యల ప్లాంటు, ఆఫీసు గది.

హాజరైనవారు: ప్లాంటు యజమాని కోటేశ్వరరావు గారు. సరుకు కొనే విదేశీ కంపెనీ తరఫున తనిఖీకి వచ్చిన హెన్రిక్. ఒలుపు హాలు సూపర్‌వైజరు సువార్తమ్మ. క్వాలిటీ కంట్రోల్ చూసే నేను. బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో ఒక గాజు ముక్క, ఆకుపచ్చది, చిటికెన వేలి గోరంత.

డైరీలో ఇలాగే ఉంది. గాజు ముక్కను హాజరైనవారిలో ఎందుకు చేర్చానో రాసుకోలేదు. ఆ గదిలో అందరికంటే ఎక్కువ దూరం ప్రయాణం చేసింది అదే. మా ప్లాంటులో బయలుదేరి, ఓడెక్కి ఉత్తర ఐరోపాకు వెళ్ళి, అక్కడ ఒకావిడ వంటింట్లో రొయ్యల మధ్య బయటపడి, విమానంలో తిరిగి వచ్చింది.

తినే వస్తువుల తనిఖీ ఉద్యోగాల్లో చేరబోతున్న పిల్లలు నా దగ్గరికి అప్పుడప్పుడు వస్తుంటారు. ఏ పుస్తకం చదవాలి అని అడుగుతారు. పుస్తకాలు వాళ్ళకు కాలేజీలో దొరుకుతాయి. ఆ రోజు గురించీ, దాని ముందు వెనకల గురించీ వాళ్ళ కోసం రాసి పెడుతున్నాను. నేను ఏ హోదాలో చేరి ఏ హోదాలో దిగానో ఇందులో ఉండదు.

*ముక్కు*

నా మొదటి ఉద్యోగం 1981లో బాపట్లలో, సముద్రపు రొయ్యలు కొనే ఒక చిన్న షెడ్డులో. రొయ్య తాజాదో కాదో తేల్చే యంత్రం అప్పట్లో మాకు లేదు. ముక్కు ఉండేది. గంపలోంచి రెండు రొయ్యలు తీసి, ఉప్పు వెయ్యకుండా మంచినీళ్ళలో ఉడకబెట్టి, ముందు వాసన చూసి తర్వాత కొరికి చూడాలి. కొరికినదాన్ని మింగకుండా ఉమ్మెయ్యాలి. మొదటి నెల నేను మింగాను. ఎవరూ చెప్పలేదు.

ఆ పని నాకు నేర్పినవారు భూషణం గారు. పెద్దాయన, ముక్కుపొడి అలవాటు ఉండి ఈ పని కోసం మానేసినవారు. మొదటి రోజు నేను పుస్తకంలో "బాగుంది" అని రాస్తే కొట్టేశారు.

"బాగుందా లేదా అని నిన్నెవరడిగారయ్యా? ఏముందో రాయి."

"ఏముందంటేనండి?"

"సముద్రం వాసన ఉందా, మట్టి వాసన ఉందా, మందు సీసా వాసన ఉందా. ఉన్నది రాయి. బాగుందో లేదో కొనేవాడు చెప్పుకుంటాడు."

ఒకసారి నాకు జలుబు చేసింది. సెలవు పెడితే ఆ రోజు జీతం రాదని వెళ్ళాను. వచ్చిన గంపలన్నీ పాస్ చేశాను. మధ్యాహ్నం భూషణం గారు వచ్చి ఒక గంప దగ్గర ఆగి నా మొహం చూశారు. "నీకివాళ ముక్కు లేదు. లేని సామానుతో పరీక్ష చేసి సంతకం పెట్టావు. దీన్ని ఏమంటారో తెలుసా?" అన్నారు. తెలుసన్నాను. ఆయన కోప్పడలేదు. ఆ గంపలన్నీ మళ్ళీ నా చేతే ఉడకబెట్టించి, తను వాసన చూసి చెబుతూ, నా చేత రాయించారు. చీకటి పడింది.

నేను పొందిన శిక్షణ మొత్తం ఇదే. తర్వాత వచ్చిన కోర్సుల్లో దీనికి అదనంగా నేర్చుకున్నది పెద్దగా లేదు.

*తెనాలిలో భోజనం*

1988లో రేపల్లె ప్లాంటుకు మారాను. కాపురం తెనాలిలో. పొద్దున ప్యాసింజరులో వెళ్ళి సాయంత్రం ప్యాసింజరులో వచ్చేవాణ్ణి.

చేరిన ఏడాది వర్షాకాలంలో ఒక రోజు పదకొండు గంటలకు ఒక లాటు రొయ్యల్ని వద్దన్నాను. పెంకు మీద నల్ల మచ్చలు. తింటే ఏమీ కాదు, కానీ కొనేవాళ్ళ పుస్తకంలో మచ్చలు ఉండకూడదని ఉంది. తెచ్చినతను గంపలు సర్దుకుని వెళ్ళిపోయాడు. రాత్రి భోజనానికి కూర్చుంటే మా ఆవిడ రత్నం రొయ్యల ఇగురు వడ్డించింది. రెండు పెంకుతోనే ఉన్నాయి. మచ్చలు గుర్తుపట్టాను.

"ఇవెక్కడివి?"

"మార్కెట్లోవి. చవగ్గా ఇచ్చాడు. ఏంటలా చూస్తారు?"

"పొద్దున వీటిని నేనే వద్దన్నాను."

"దేనికి వద్దన్నారు?"

"విదేశానికి."

"మనది విదేశమా? తినండి, చల్లారిపోతుంది."

తిన్నాను. బాగుంది. ఏమున్నదో రాయమంటే, మిరియాలు కాస్త ఎక్కువయ్యాయని రాసి ఉండేవాణ్ణి.

ఇది నవ్వుకోవడానికి చెప్పే సంగతే, కానీ దీని రెండో భాగం ఎవరికీ చెప్పలేదు. మచ్చలున్నవే కాదు, నిజంగా పాడైన లాట్లు కూడా వద్దన్నాక ఆ దారినే వెళ్ళేవి. విదేశంలో తినేవాడి కోసం నా ముక్కు ఉంది, ప్రయోగశాల ఉంది, పుస్తకం ఉంది. తెనాలి మార్కెట్లో తినేవాడి కోసం ఎవరూ లేరు. నేను సాయంత్రం ఆరున్నర నుంచీ ఆ రెండోరకం మనిషినే. ఆ సంగతి నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

*మడి చెరువైంది*

తొంభైలు మొదలయ్యేసరికి చెరుకుపల్లి, నిజాంపట్నం వైపు వరి మడులు రొయ్యల చెరువులయ్యాయి. లాభం వచ్చినన్నాళ్ళు వచ్చింది. దాని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను చూసింది ఒక్కటి చెబుతాను. ఎకరం మడికి నాట్లు వెయ్యడానికి, కలుపు తియ్యడానికి, కోతకు మనుషులు కావాలి. అదే ఎకరం చెరువైతే ఒక కాపలా మనిషి చాలు. పని పోయినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. వాళ్ళే బస్సెక్కి మా ప్లాంటుకు వచ్చారు, రొయ్యల తలలు తియ్యడానికీ పెంకు ఒలవడానికీ.

అలా 1991లో చేరిన మనిషి నాగేంద్రమ్మ. చెరుకుపల్లి దగ్గర పల్లె. ముప్ఫై దాటి ఉంటాయి. ఆమె నాట్లు వేసిన మడిలోనే పెరిగిన రొయ్యలు ఒక్కోసారి ఆమె బల్ల మీదికే వచ్చేవి. "ఇది మా సుబ్బయ్యగారి పొలంలోది సారండీ, నేను నడుం వంచిన చోటిదే" అని ట్రే చూపించేది. ట్రే మీద రైతు పేరు ఉంటుంది కాబట్టి ఆమె చెప్పింది నిజమే. ఆ ఊళ్ళో ఆమెకు వేరే పని మిగల్లేదన్నదీ నిజమే. ఆమె భర్త అంతకుముందు కూలికి వెళ్ళిన పొలాలూ చెరువులే అయ్యాయి. చెరువు కాపలాకు ఆయన్ని పెట్టుకోలేదు.

పని తీరు చెప్పాలి. ఒక్కో బల్లకు ఆరుగురు. ఐసు నీళ్ళలో చేతులు. నేను పెట్టిన పద్ధతి ఒకటుంది: ప్రతి ట్రేకూ బల్ల నంబరున్న ఇత్తడి బిళ్ళ. ఆ బిళ్ళ నంబరు, తేదీ అట్టపెట్టె దాకా వెళతాయి. ప్రపంచంలో ఎక్కడ ఏ పెట్టె విప్పినా అది మా ఏ బల్ల మీద ఏ రోజు ఒలిచినదో చెప్పగలను. దీని గురించి నాకు కొంచెం గర్వం ఉండేది.

*ట్యూబు*

కొనే కంపెనీ ఇచ్చిన నిబంధనల పుస్తకంలో పదకొండోది చేతుల గురించి. చేతులకు ఏ ఆభరణమూ ఉండకూడదు. నేను చేరిన వారంలోనే దాన్ని తెలుగులో పెద్దక్షరాలతో రాసి గేటు దగ్గర గోడకు అంటించాను.

ఉంగరాలు, ఇత్తడి గాజులు తీసి కొంగున కట్టుకున్నారు. మట్టిగాజుల దగ్గర ఆగింది. చర్చికి వెళ్ళే ఆడవాళ్ళు ఇంటి దగ్గరే తీసేసి వచ్చేవారు. మిగతావాళ్ళు తియ్యం అన్నారు. భర్త బతికుండగా చెయ్యి బోడిగా ఉండకూడదు. ఇది మూఢనమ్మకం అని వాళ్ళకు చెప్పడానికి నాకు అర్హత లేదు, ఎందుకంటే మా ఇంట్లో రత్నం కూడా తియ్యదు.

కోటేశ్వరరావు గారు ఒక మార్గం సూచించారు. "మొగుడు లేనివాళ్ళనే తీసుకుందాం." ఆయన ఎగతాళిగా అనలేదు. రేపల్లె చుట్టుపక్కల అంతమంది దొరుకుతారా అని లెక్కవేసి, దొరకరని తేల్చుకుని మానేశారు.

చివరికి మార్గం నేను కనిపెట్టాను. సైకిలు షాపు నుంచి పాత ట్యూబులు తెప్పించి, జానెడు ముక్కలుగా కోసి, సబ్బుతో కడిగించి, గాజుల మీద తొడిగించాను. మణికట్టు నుంచి పైకి రబ్బరు తొడుగు. గాజు పగిలినా ముక్క అందులోనే ఉంటుంది. బాగా పనిచేసింది. సంవత్సరాల పాటు ఒక్క ఫిర్యాదు లేదు.

కానీ ఈ ఏర్పాటు కాగితం మీద లేదు. పుస్తకం ప్రకారం మా హాల్లో గాజులు లేవు. విదేశం నుంచి తనిఖీకి వస్తే ఆ పూట గాజులున్నవాళ్ళను ఐసు గదిలో పనికి పంపి, లేనివాళ్ళను బల్లల దగ్గర నిలబెట్టేవాళ్ళం. వచ్చినవాళ్ళు చూసి, బాగుందని రాసుకుని వెళ్ళేవారు. భూషణం గారు ఉంటే నాకు ముక్కు లేదనేవారు. ఆయన అప్పటికి లేరు.

*ఏడో బల్ల*

ఫిర్యాదు నవంబరు మొదట్లో ఫ్యాక్సులో వచ్చింది. పెట్టె మీద నంబరు ఇచ్చారు. నా పద్ధతి చక్కగా పనిచేసింది. ఏడో బల్ల, ఆగస్టులో శ్రావణ శుక్రవారం మర్నాడు. ఆ బల్ల దగ్గర ఆరుగురిలో నలుగురు గాజులు ఇంటి దగ్గర వదిలి వచ్చేవాళ్ళు, ఒకావిడ భర్త లేని మనిషి. మిగిలింది నాగేంద్రమ్మ. ముందురోజు వ్రతానికి కొత్త గాజులు వేసుకుని ఉంటుంది. ఆకుపచ్చవి.

హెన్రిక్ సన్నగా పొడుగ్గా ఉండే మనిషి. మర్యాదస్తుడు. తెనాలిలో లాడ్జిలో దిగి, పొద్దున్నే ఇడ్లీ తిని వచ్చాడు. ఆయనకు కావలసింది ఒక ఫారం. అందులో మూడు గడులు. కారణం, బాధ్యులు, తీసుకున్న చర్య. మర్నాడు పదకొండింటికి ఆయన మద్రాసు బయలుదేరే లోపల అది చేతికివ్వాలి. ఫారం సరిగా లేకపోతే మా ప్లాంటు నంబరును వాళ్ళ జాబితాలోంచి తీసేస్తారు. నంబరు లేని ప్లాంటు రొయ్యల్ని ఆ దేశంలో ఎవరూ కొనరు.

"బాధ్యులు అనే చోట మనిషి పేరు కావాలి," అన్నాడు హెన్రిక్. "ఆ మనిషి ఇకమీదట ఆహారాన్ని ముట్టుకోవడం లేదని కూడా కావాలి." మేం ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం.

కోటేశ్వరరావు గారు తెలుగులో నాతో, "పేరు రాసెయ్యండి సత్యనారాయణ గారూ. ఓ నెల పోయాక లక్ష్మి అని వేరే పేరు రిజిస్టర్లో రాసి ఆమెనే మళ్ళీ పెట్టుకుందాం. మనిషి మనిషే కదా" అన్నారు.

సువార్తమ్మ రేపల్లె మనిషి, లూథరన్ చర్చిలో పాటలు పాడుతుంది, మాకు మొదటి నుంచీ ఉన్న సూపర్‌వైజరు. "నెల రోజులు దాన్ని ఎవరు పోషిస్తారండి?" అని మాత్రం అంది.

"ఏదో ఒకటి చేద్దాంలేమ్మా," అన్నారు ఆయన. ఆయన మాట ఇచ్చారంటే ఇచ్చినట్టే. ఏదో ఒకటి అన్నారంటే ఇవ్వనట్టు.

*హాల్లో*

హెన్రిక్ అప్పటికప్పుడు ఏడో బల్ల చూస్తానన్నాడు. ఈసారి ఎవరినీ ఐసు గదికి పంపే వ్యవధి లేదు. తలుపు తియ్యగానే ఆయనకు రబ్బరు తొడుగులు కనిపించాయి. అవేమిటని అడిగాడు. చెప్పాను. ఎన్నాళ్ళ నుంచి అన్నాడు. అదీ చెప్పాను. ఆయన రాసుకున్నాడు.

లోపలికి వచ్చే ప్రతివాడూ క్లోరిన్ నీళ్ళలో చేతులు ముంచాలి. ఆయన ముంచాడు. బల్లల దగ్గర అందరూ ఆయన చేతుల వైపే చూస్తున్నారు.

నాగేంద్రమ్మ తల ఎత్తి, "సారండీ, ఆయన ఉంగరం తియ్యలేదేంటండీ?" అంది.

చూస్తే, ఎడమచేతి వేలికి బంగారు ఉంగరం ఉంది.

"ఊరుకోమ్మా," అన్నాను.

"ఊరుకోడానికేముందండీ. నా చేతికున్నది ఊరికే పగిలిందని మీరంతా వచ్చారు. ఆయన చేతికున్నది జారి పడితే ఎవరొస్తారని అడుగుతున్నా. అడగండి."

పక్క బల్ల నుంచి ఒకావిడ, "ఒసే, నోర్ముయ్యవే, ఉన్న పనీ ఊడుతుంది" అంది.

"ఊడేది ఎట్టాగూ నాదే కదే పిన్నీ. అడిగాకే ఊడనీ."

ఏమంటున్నదని హెన్రిక్ అడిగాడు. చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది. కోపంతో కాదనుకుంటాను. ఉంగరం వైపు చూసుకుని, "ఇది పెళ్ళి ఉంగరం. దీన్ని నిబంధన ఒప్పుకుంటుంది" అన్నాడు.

"ఏ నిబంధన?"

"పదకొండు."

ఆయన తన పుస్తకం తెరిచి చూపించాడు. పదకొండో నిబంధనలో రెండు వాక్యాలున్నాయి. మొదటిది నేను గోడకు అంటించినది. రెండోది: రాయి, నగిషీ లేని నున్నటి పెళ్ళి ఉంగరం ఒకటి ఉండవచ్చు.

నా బీరువాలో ఉన్న పుస్తకంలోనూ అది ఉంది. ఆరేళ్ళ క్రితం నేను చదివాను. తెలుగులో రాసేటప్పుడు, మనవాళ్ళకు పెళ్ళి ఉంగరాలు ఉండవు కదా, అనవసరంగా గందరగోళం దేనికి అని వదిలేశాను. ఆ సంగతి ఆ క్షణంలో గుర్తుకొచ్చింది.

నాగేంద్రమ్మకు విషయం చెప్పాను.

"మరి నావీ పెళ్ళివేనండీ," అంది. "ఆయనది ఒప్పుకునేదైతే నాదెందుకు కాదంట?"

చెప్పాను. హెన్రిక్ అది విని, నిబంధనలు తను రాయలేదనీ, వాళ్ళ దేశంలో ఒక కమిటీ రాస్తుందనీ అన్నాడు. అదీ చెప్పాను.

"ఆ కమిటీలో గాజులేసుకునేవాళ్ళు లేరా అండీ?"

దీన్ని నేను అనువదించలేదు. అనువదించి ఉండాల్సింది.

ఇంతలో నా వెనక సువార్తమ్మ, "ఉంగరం ఉండొచ్చా సార్?" అంది. ఆమె పైట కొంగు ముడి విప్పింది. లోపల సన్నటి ఉంగరం. చర్చిలో పెళ్ళినాడు పెట్టింది. "రోజూ గేటు దగ్గర తీసి ముడేసుకుంటున్నానండి. ఆరేళ్ళు. మీ నోటీసు చూసే." ఆమె గొంతు పెంచలేదు. నేను రోజూ ఆ ముడి చూసేవాణ్ణి, అందులో తాళం చెవులు ఉంటాయనుకునేవాణ్ణి.

*సాయంత్రం*

హెన్రిక్ లాడ్జికి వెళ్ళాక కోటేశ్వరరావు గారు మళ్ళీ అదే మాట అన్నారు. పేరు రాయమని. మిగతా ఆడవాళ్ళు గాజులు తీసి వస్తేనే రేపటి నుంచి పని అని. పొద్దున్నే లెక్క తేలాలి అని.

సువార్తమ్మ బస్సు దగ్గర వాళ్ళందరినీ నిలబెట్టి మాట్లాడింది. నేను దూరంగా ఉన్నాను. నాగేంద్రమ్మ మాట మాత్రం వినిపించింది. "నేను తీస్తానక్కా. మా అత్త ఊరుకోదు. అడగాలి." బస్సు వెళ్ళిపోయింది.

నేను ప్యాసింజరులో తెనాలి వచ్చి, ఆగస్టు డైరీ తీశాను. ఫారంలో కారణం రాయాలంటే ఆ వారం ఏం జరిగిందో చూడాలి కదా. ఆ గాజు పగిలిన రోజుకు నాలుగు రోజుల ముందు నా చేతిరాతలో ఒక వాక్యం: "ఏడో బల్ల నాగేంద్రమ్మ ట్యూబు చిరిగింది. కొత్తది అడిగింది. కోసి ఇవ్వాలి." తర్వాతి పేజీల్లో ఇచ్చినట్టు లేదు. వారం తర్వాత, "ట్యూబులు తెప్పించాను" అని ఉంది.

నలభై ఏళ్ళుగా రోజూ డైరీ రాస్తున్నాను. రాయడం వల్ల ఉపయోగం ఏంటని రత్నం అడుగుతుంటుంది. ఆ సాయంత్రం ఆమెకు ఆ పేజీ చూపించాను. చదివి, "అయితే దాని పేరెందుకు రాస్తారు?" అంది.

"రాస్తే అందరి పనీ నిలుస్తుందంటున్నారు కోటేశ్వరరావు గారు."

"నిలవడం సంగతి కాదు నేనడిగింది."

ఇక్కడ ఆగి ఫలితం ముందే చెప్పేస్తాను, లేకపోతే చదివేవాళ్ళ దృష్టి అంతా దాని మీదే ఉంటుంది. ప్లాంటు నంబరు పోలేదు. ఆ సరుకుకు ధర తగ్గించారు. తర్వాత ఏడాది కూడా తగ్గించిన ధరే కట్టారు, కారణం మాత్రం వేరే చెప్పారు. నాకు యజమాని దగ్గర మునుపటి మర్యాద మూడేళ్ళు లేదు. నిబంధన మారలేదు. నేను దిగిపోయేనాటికి ఆ పుస్తకం మందం రెట్టింపైంది, రెండో వాక్యం అలాగే ఉంది.

దీన్నించి నేను తేల్చుకున్నది ఒకటుంది. పెద్ద దేశాలూ చిన్న దేశాలూ ఒకే మార్కెట్లోకి వస్తే తేడాలు తగ్గుతాయని కొందరు, పెరుగుతాయని కొందరు చెబుతారు. మా హాల్లో రెండూ చూశాను. నాట్లు పోయిన ఊరికి ఆ బల్లలే తిండి పెట్టాయి, అది అబద్ధం కాదు. కానీ పుస్తకం ఎవరు రాస్తారో వాళ్ళ అలవాటు అందులో మినహాయింపు అవుతుంది, మిగతావాళ్ళ అలవాటు లోపం అవుతుంది. హెన్రిక్ చెడ్డవాడు కాదు. తన వేలికి ఉంగరం ఉన్నట్టు ఆయనకు రోజూ గుర్తుండదు, అంతే. నేను ఇంకో అడుగు ముందుకు వేశాను. ఆ పుస్తకంలో మనకు పనికొచ్చే ఒక్క వాక్యం ఉంటే, అది మనకు కాదని నేనే కొట్టేశాను. మీకు ఏ ప్రమాణం చేతికిచ్చినా మొత్తం చదవండి. మొత్తం అంటించండి. మనవాళ్ళకు వర్తించదని మీరు తీర్మానించకండి.

*మర్నాడు ఉదయం*

నవంబరు 24, గురువారం. పొద్దున ప్యాసింజరులో, కిటికీ పక్కన కూర్చుని ఫారంలో రెండు గడులు నింపాను. కారణం: తొడుగు చిరిగిందని కార్మికురాలు ముందే చెప్పినా మార్చకపోవడం. బాధ్యులు: నా పేరు, నా హోదా. మూడో గడి, తీసుకున్న చర్య, ఖాళీగా ఉంచాను. అది గేటు దగ్గర తేలాలి. వాళ్ళు గాజులతో వస్తే లోపలికి పంపడానికి నాకు అధికారం లేదు.

ప్లాంటు దగ్గరికి వచ్చేసరికి గేటు బయట గుంపు. వాచ్‌మన్ వెంకటస్వామి వాళ్ళను ఆపి, గోడ మీది నోటీసు చూపిస్తున్నాడు.

"ఏంటి గొడవ?" అన్నాను.

"గాజులు తీశారండి. కానీ ఉంగరాలు పెట్టుకొచ్చారు. అన్నీ కొత్తవి. నోటీసులో కూడదని ఉంది కదండి."

చూశాను. చేతులు ముందుకు చాపి నిలబడ్డారు. మణికట్ల దగ్గర గాజులుండే చోట చర్మం తెల్లగా ఉంది. వేళ్ళకు రాగి ఉంగరాలు, ఇత్తడివి, ఒకరిద్దరికి వెండివి. ముందురోజు సాయంత్రం ఊరి బస్సు ఎక్కకుండా రేపల్లె బజారుకు వెళ్ళి కొన్నవాళ్ళు కొందరు. సువార్తమ్మ ముందు నిలబడి ఉంది, వేలికి తన పెళ్ళి ఉంగరంతో.

"ఇవి పెళ్ళి ఉంగరాలేనా?" అన్నాను. అడగాలి కాబట్టి అడిగాను.

"పెళ్ళైనవాళ్ళం. ఉంగరం. మా ఆయన చేత్తోనే తొడిగించుకున్నా," అంది ఒకావిడ. "ఇంకేం కావాలండీ?"

"నిన్న మీ పుస్తకంలో ఉందన్నారుగా," అంది ఇంకొకావిడ. "చెయ్యి బోడిగా లేకుండా ఏదో ఒకటి ఉంటే సరేలే అంది మా అత్త."

నేను జేబులోంచి పెన్ను తీసి, నోటీసు కింద మిగిలిన తెల్లటి జాగాలో రెండో వాక్యం రాశాను. ఆరేళ్ళు ఆలస్యంగా. తర్వాత ఒక్కొక్కరి చెయ్యి పట్టి చూశాను. రాయి లేదు, నగిషీ లేదు, ఒక్కటే ఉంది. ఒకావిడది లక్ష్మీదేవి బొమ్మ ఉన్న ఉంగరం, అది తీసి ఇమ్మన్నాను. ఆమె చెల్లెలు తనది తీసి అక్కకు ఇచ్చింది. చెల్లెలికి పెళ్ళి కాలేదు, ఆమెకు అక్కర్లేదు.

నాగేంద్రమ్మ ఆఖర్న ఉంది. ఆమెది పెద్ద రాగి ఉంగరం. వేలికి నిలవక, లోపల దారం చుట్టుకుంది.

"ఇదెక్కడిదమ్మా?"

"మా ఆయనదండీ. కొనడానికి డబ్బుల్లేక ఆయన వేలిది తీసి పెట్టాడు. మా అత్తే పెట్టమంది."

"దారం ఉండకూడదు. నున్నగా ఉండాలని ఉంది."

ఆమె పళ్ళతో దారం తెంపింది. ఉంగరం జారింది, పిడికిలి బిగించి పట్టుకుంది. ఆ ఉంగరం రొయ్యల్లో పడటానికి ట్యూబు కింది గాజు కంటే ఎక్కువ అవకాశం ఉందని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. నిబంధన ప్రకారం అది సరిపోతుంది, గాజు సరిపోదు.

"వదులుగా ఉందమ్మా," అన్నాను.

ఆమె నా వైపు చూసి, ఉంగరం తీసి బొటనవేలికి ఎక్కించింది. కణుపు దగ్గర కాస్త పట్టింది. తిప్పి నెట్టింది. చెయ్యి విదిలించి చూపించింది. కదల్లేదు.

ఫారంతో పాటు వెంట తెచ్చుకున్న పుస్తకం తీసి రెండో వాక్యం ఇంకోసారి చదివాను. ఏ వేలికి పెట్టుకోవాలో అందులో లేదు. లోపలికి వెళ్ళమన్నాను.